భోజనానంతరము స్త్రీల రక్తములో కొవ్వు

(వికారాబాదు, తాండూరు ప్రాంతముల పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపములను గూర్చి మాటలాడుటకు మీ వద్దకు వచ్చుట మాకు అలవాటే. ఈ దినము మాత్రము అన్నము తిన్న పిదప స్త్రీల రక్తములో జరుగు మార్పును గూర్చి మనవి చేయదలచితిమి. ఇది పంచాయతీ వ్యవహారమా యని కొందరు నవ్వవచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువు గలవారు. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవే. కావున ఇది ఈ సభలో కూర్చున్నవారి సంగతియే.

మనము తిన్న నూనె, నెయ్యి, మాంసపు కొవ్వు ప్రేగులలో జీర్ణమై, సన్నని బిందువులుగా రక్తములో చేరును. ఈ కొవ్వునకు ట్రైగ్లిసరైడులని పేరు. భోజనమైన మూడు నాలుగు గంటలకు ఇది మిక్కిలిగా పెరిగి, ఆరోగ్యవంతులలో ఆరు మొదలు ఎనిమిది గంటలకు మరల తగ్గిపోవును. విందు తిన్నవారి రక్తమును తీసి నిలువయుంచినచో, పైకి తేరిన రసము పాలు కలిపినట్లు తెల్లబారి యుండుట ప్రయోగశాలలవారు ఎరిగినదే. కండరములలోని సన్నని రక్తనాళముల గోడల నంటియున్న ఒక ఎంజైము ఈ బిందువులను విడగొట్టి, కొవ్వును లోనికి పంపును.

స్థూలకాయము గల స్త్రీలలో, అందునను నడుము చుట్టు కొవ్వు చేరినవారిలో, ఈ పని మందగించును. ఇన్సులిను సరిగా పనిచేయకపోవుటచే వారి కాలేయము తానును అదనముగా కొవ్వును రక్తములోనికి వదలుచుండును. భోజనపు కొవ్వు, కాలేయపు కొవ్వు రెండును ఆ ఒక్క ఎంజైము కొరకే వేచియుండవలెను. రెండు దారుల వెంట కందుల బండ్లు వచ్చి, తూకపు కాటా ఒక్కటే యున్నచో మార్కెట్టు వాకిట ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నపు కొవ్వు తీరకమునుపే రాత్రి భోజనము వచ్చి చేరును. మిగిలిన తునకలు రక్తనాళముల గోడలలో దిగబడును. అమెరికాలో 26 వేలకు పైగా స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనములో, పరగడుపున చూచిన ట్రైగ్లిసరైడులకంటె భోజనమైన రెండు మొదలు నాలుగు గంటలలో చూచినవే గుండెజబ్బును బాగుగా సూచించినవని తేలినది.

ఒక గ్రామమున ఒక తల్లి మమ్ము నిలిపి, “నేను తినేది రెండు జొన్నరొట్టెలే సారూ, ఒళ్లు ఎందుకు వస్తున్నదో తెల్వది” అన్నది. ఆమె అబద్ధమాడలేదు. రొట్టెలు రెండే. అయితే దినమునకు ఐదుమారులు చక్కెర చాయ, అంగడినాడు మిరపకాయ బజ్జీలు, ఇంటిల్లిపాదీ తిన్న పిదప పది గంటలకు భోజనము, వెంటనే పడక. చక్కెర సైతము కాలేయములో కొవ్వుగా మారునని ఆమెకు ఎవరును చెప్పలేదు. ముట్లుడిగిన పిదప ఈ కొవ్వు మరింత పెరుగుననియు ఎరుగదు. ఇంటివారు ఆమెను తిండిపోతని పరిహసించుట మాకు కష్టముగా తోచినది. మధుమేహము, థైరాయిడు లోపము, మద్యపానము కూడ ఈ కొవ్వును పెంచును.

మరి తగ్గించునది ఏది? 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు, జొన్నరొట్టె, ఆకుకూర మీ ఇంటనే యున్నవి. వీనిలోని పీచు కొవ్వు పెరుగుదలను నెమ్మదింపజేయును. పోపులో గరిటెడు నూనె పోసినచో ఆ మేలు చాలవరకు పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలు మనిషికి దినమునకు 20 మొదలు 30 గ్రాముల నూనె చాలునన్నవి. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు లీటరు ప్యాకెట్లు నాలుగు మించరాదన్నమాట. ఇంటికి పోయి ఖాళీ ప్యాకెట్లు లెక్కించుడు.

అన్నిటికంటె చౌకయైనది నడక. ఈ సాయంకాలము గంటసేపు వడిగా నడిచినచో, రేపటి భోజనము పిదప కొవ్వు తక్కువగా పెరుగును. కండరములు దానిని త్వరగా గ్రహించును, కాలేయము తక్కువగా వదలును. నీళ్ళ బిందె, తిరుగలి పోయినవి; పోవుట మేలే, వానిని మరల తెమ్మని ఎవరనగలరు? అయితే వానితో కదలికయు పోయినది. చీకటిపడిన పిదప స్త్రీ ఊరి బాటపై నడువగలదా? దీపములు లేవు, కుక్కలు, అరుగులపై వ్యాఖ్యానములు. ఇచ్చటనే పంచాయతీ పని యున్నది. ఊరి చివరి వరకు నాలుగు దీపములు, సాయంకాలము తెరచియుంచు పాఠశాల మైదానము మీ తీర్మానముతో కాగలవు.

నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిన స్త్రీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని కలిసి, రక్తపుపోటు, చక్కెరతోపాటు కొవ్వు పరీక్షను గూర్చియు అడుగవలెను. భోజనము పిదప ట్రైగ్లిసరైడులు 175 మిల్లీగ్రాములు దాటినచో వైద్యుడు తిరిగి పరీక్షించును. మందులు ఆయన చెప్పిననే.

మా వెంట వైద్యాధికారిణి వచ్చియున్నారు. ఇక మీ ప్రశ్నలకు వారు సమాధానము చెప్పుదురు.