కాచిగూడ బడి టీచర్, జకార్తాలో గోల్డ్: కోచ్ రహీమ్ సాబ్ కథ

మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఆటలల్ల లైఫ్ ఉంటదా?" ఆడేటోళ్ల గురించి చెప్పే వీడియోలు మస్తుగున్నయి. ఇయ్యాల నేను ఆడించిన మనిషి గురించి చెప్తా. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదీ.

అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా 2024లో వచ్చింది కదా, ఆయన కథే. సినిమాను పక్కన పెట్టండి, అసలు విషయం ఇంకా బాగుంటది.

1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత ఏం చేశారు? బడిల టీచర్! కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా కూడా చేశారు. అంటే మన భాషలో పీఈటీ సార్ అన్నట్టు. మన జిల్లా పరిషత్ స్కూళ్లల్ల పీఈటీ సార్‌ని ఎట్ల చూస్తరో మీకు తెలుసు. మ్యాథ్స్ సిలబస్ అయిపోకపోతే ఫస్ట్ పోయేది ఆయన పీరియడే.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ మనోళ్లదే. కలకత్తా క్లబ్బులు రాజ్యమేలే కాలంలో!

ఎట్ల చేశారు? ఇది నాకు బాగా నచ్చిన పార్ట్. డ్రిబ్లింగ్ చేయొద్దు అనే రూల్‌తో పోటీలు పెట్టేవారు. బాల్ దగ్గర పెట్టుకుని షో చేస్తే కుదరదు, పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోటి, బలం లేని కాలుతోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమకాలుతో తన్నాలి. ఖర్చు ఏముంది ఇందులో? ఏమీ లేదు. ఒక బాల్, ఒక గ్రౌండ్, ఒక రూల్ చాలు.

ఇండియా కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చారు. వెంటనే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడాం. మనోళ్లల్ల చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో కొట్టి సెమీస్‌కు పోయాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్లీ అదే యుగొస్లావియా! ఫస్ట్ గోల్ మనదే, చివరికి 4–1తో ఓడాం. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి సెమీస్ చేరిన మొదటి టీమ్ మనదే.

ఇక 1962 జకార్తా. అప్పటికి ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే కొరియా మీద 2–0తో ఓడిపోయాం. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే రెస్ట్ ఇస్తాడు. రహీమ్ సాబ్ ఏం చేశారంటే, ఆయన్ను డిఫెన్స్‌లోంచి తీసి ఫార్వర్డ్‌లో దింపారు! నేను కోడ్ రాసే రోజుల్లో రిలీజ్ ముందురోజు ఒక్క లైన్ మార్చాలన్నా చెమటలు పట్టేవి. ఈయన సెమీస్‌కు ముందు మొత్తం ప్లానే మార్చేశారు.

జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టారు, ఫైనల్‌లో కూడా కొట్టారు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియానే. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకం. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 20 నిమిషాల్లోనే రెండు గోల్స్. 2–1తో గోల్డ్.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయారు. వయసు 53. ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మళ్లీ గోల్డ్ రాలేదు, 1970లో ఒక్క బ్రాంజ్ తప్ప ఏ మెడలూ లేదు.

మీ బడిల గిసొంటి సార్ ఎవరన్నా ఉంటే కింద రాయండి, ఆయన ఏ ఆట ఎట్ల నేర్పిండో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.