కొండ లేని ఊరి నుంచి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 వేదిక మీదున్న మా అయ్యోర్లకు పాదాభివందనం. మీలో ఒకరిద్దరి చేతుల్లో బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి, ఇవాళ మీ ముందు మైకు పట్టుకోవాలంటే ఇంకా చేతులు వెనక్కే పోతున్నాయి.

ఇంజనీరుని పిలిచారు కాబట్టి పిల్లలకు ఉద్యోగాల గురించి చెప్పమంటారనుకున్నాను. మన కార్యదర్శి ఫోనులో, "అదంతా వద్దులే అన్నా, నువ్వు ఆదివారమొస్తే బండలెక్కేవాళ్ళ వెంటబడి ఫొటోలు తీస్తావంట గదా, అది చెప్పు" అన్నాడు. మా ఇంట్లో ఈ అలవాటుని ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు.

మన కోటలో కొండ లేదు. పేరుకి కోటే గాని ఎక్కడానికి గుట్ట కూడా లేదు. తూర్పున సముద్రం, మధ్యలో స్వర్ణముఖి ఇసక, చుట్టూ వరిమళ్ళు, సర్వితోటలు, తర్వాత్తర్వాత రొయ్యల గుంటలు. వాయుగుండం వెళ్ళిపోయి ఆకాశం కడిగినట్టున్న ఉదయాన, బడి మిద్దె మీదికెక్కితే పడమర సన్నటి నీలంగీత కనపడేది. అది వెలికొండ అని డ్రాయింగు అయ్యోరు చెప్పేదాకా నేను మబ్బనుకున్నాను. మిద్దె మీదికి ఎక్కకూడదని నియమముండేది. ఇప్పుడు చెప్పినా ఫరవాలేదనుకుంటాను, నలభై ఏళ్ళు దాటింది.

మన ఊళ్ళో ఎక్కడమంటే తాటిచెట్టు ఎక్కడమే. నడుముకి మోకు, కాళ్ళకి నారబందం, వెనక్కి వాలి, మోకు పైకి ఎగరేసి, మళ్ళీ కాళ్ళు పైకి లాగి. ఇంజనీరింగులో చేరాక మామయ్య కెమెరా అరువు తెచ్చి నేను తీసిన మొదటి ఫొటో ముంజలు కోయడానికి ఎక్కిన ఒక పెద్దాయనది. కడిగించి చూస్తే రెండు అరికాళ్ళు, ఒక గోచీ కనపడ్డాయి. మనిషి లేడు. ఆయనకి చూపిస్తే, "ఇది నేనని ఎట్ట చెప్తావు అబ్బయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

జవాబు చాలా చిన్నది. ఎక్కేవాణ్ణి కింద నుంచి తీయకూడదు. కింద నుంచి తీస్తే వీపు, కాళ్ళే వస్తాయి. మొహం, వేళ్ళు, ఆ వేళ్ళు పట్టుకున్న అర అంగుళం అంచు పైనున్నవాడికే కనపడతాయి. అంటే ఫొటో తీసేవాడు ముందే వేరే దారిలో పైకి పోయి, అక్కడ తాడు కట్టుకుని, అంచు మీదుగా దిగి, గాల్లో వేలాడుతూ ఎదురుచూడాలి. ఇందులో రెండు రకాల తాళ్ళుంటాయి. ఎక్కేవాడి తాడు సాగుతుంది. పడ్డప్పుడు ఒక్కసారిగా ఆపితే నడుము విరుగుతుంది కాబట్టి, సాగి ఆ దెబ్బని తను మింగుతుంది. ఫొటో తీసేవాడి తాడు సాగకూడదు. సాగితే కెమెరా కంటి దగ్గర నిలవదు. ఆ తాడు కూడా ఒక్కచోట కట్టరు, కనీసం రెండుచోట్ల, ఒకటి జారినా రెండోది మోసేట్టు కడతారు. కెమెరాకి, లెన్సు మూతకి కూడా దారం కట్టుకోవాలి. మన చేతిలోంచి జారిన మూత కింద తాడు పట్టుకున్నవాడి నెత్తికి రాయే. వంతెనల లెక్కలు వేసిన నాకు ఇదంతా ఇట్టే అర్థమైంది. వేలాడటం మాత్రం అర్థం కాలేదు. మొదటి మూడుసార్లు కళ్ళు మూసుకునే ఉన్నాను. ఫొటోలు కూడా అట్లాగే వచ్చాయి.

ఇదంతా నేను నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారిలో, అయిదు వందల అడుగుల పైచిలుకు ఒకే బండ. పైన చాళుక్యుల కాలపు కోట. అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పే బడి ఉంది. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు, మొదట చేతులు పెట్టింది ఈ బండ మీదే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకి పద్నాలుగు నిండలేదు. భువనగిరి బండ ఫిబ్రవరి దాటితే పెనం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు తర్వాత, అంతే. వెలుగు కూడా అప్పుడే బాగుంటుంది. ఎక్కేవాళ్ళకీ ఫొటోలు తీసేవాళ్ళకీ కుదిరే సంగతి ఇదొక్కటే.

ఇప్పుడు చెప్పుకోవడానికి ఇష్టంలేని రెండు సంగతులు చెప్తాను. సభలో పొగడ్తలు ఎక్కువైనాయి, వీటితో సరిపోతుంది.

మొదటిది. రెండువేల మొదట్లో హైదరాబాదులో దుర్గం చెరువు వైపు ఒక పెద్ద కట్టడానికి నేను సైటు ఇంజనీరుని. స్థలం నిండా గుండ్లు. ఆ గుండ్లు ఎవరో తెచ్చి పేర్చినట్టుంటాయి గాని, ఎవరూ పేర్చలేదు. భూమి లోపల గ్రానైటుకి పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోకి నీళ్ళు దిగి మూలల్ని కుళ్ళబెడతాయి, పైన మట్టి కొట్టుకుపోయాక లోపలి గట్టి గుండు గుండ్రంగా మిగులుతుంది. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మా సైటులో మూడు గుండ్లు ఒకదాని మీద ఒకటి, పైది ఇప్పుడో ఇంకాసేపటికో పడేట్టు నిలబడి ఉండేవి. ఆదివారాలు కాలేజీ కుర్రాళ్ళు గోడ దూకి వచ్చి ఎక్కేవాళ్ళు. వాచ్‌మన్ తరిమేవాడు, నేను కెమెరా పట్టుకుని వాళ్ళని పిలిచేవాణ్ణి. ఒక సాయంత్రం ఒక పిల్లవాడు పైగుండు అంచున రెండు అరచేతులు ఆన్చి, కాళ్ళు గాల్లో ఉండగా, నావైపు చూసి నవ్వాడు. అంతకుముందు అంత మంచి ఫొటో నేను తీయలేదు.

ఆ గుండ్లు పేల్చే కాగితం మీద సంతకం నాదే. ఆ ఫొటో తీయడానికి వారం ముందే పెట్టాను. వరసగా బెజ్జాలు వేశారు, మందు కూరారు, ఇసక మూటలు కప్పారు, ఈల వేశారు. ఒక మధ్యాహ్నం సరిపోయింది. తర్వాతి ఆదివారం పిల్లలు మళ్ళీ గోడ దూకి వచ్చారు. వాళ్ళు నన్నేమీ అనలేదు. ఖాళీ చోట కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. అప్పటికే ఆ ఊళ్ళో రాళ్ళని కాపాడాలని ఒక సంఘం పనిచేస్తోంది, 1996లో మొదలైంది. వాళ్ళ పేరు నాకు తెలుసు. ఒక్క ఉత్తరం రాసి ఉండొచ్చు. పునాదిని పది గజాలు జరిపే నక్షా గీసి పైవాళ్ళకి పెట్టి ఉండొచ్చు. ఒప్పుకునేవాళ్ళో లేదో వేరే సంగతి, నేను గీయలేదు. తర్వాత వేరే రెండు పనుల్లో గీశాను. ఒకచోట ఒప్పుకున్నారు, ఆ గుండు ఇప్పటికీ కార్లు నిలిపేచోట ఉంది. పిల్లలు ఎక్కకుండా చుట్టూ కంచె వేశారనుకోండి.

రెండోది. హైదరాబాదు బయట ఒక బండ దగ్గర, ఇరవై రెండేళ్ళ కుర్రాడు కష్టమైన దారి ఎక్కుతున్నాడు. నేను పైన వేలాడుతున్నాను. మొదటిసారి అతని చెయ్యి మొహానికి అడ్డం వచ్చింది. "ఇంకోసారి చెయ్యి నాయనా" అన్నాను. చేశాడు. ఎండ మబ్బులోకి పోయింది. "ఒక్కసారి, ఇదే ఆఖరు" అన్నాను. పెద్దవాడు అడిగాడని కాదనలేకపోయాడు. మూడోసారి ముంజేతులు వణకడం లెన్సులో నాకు స్పష్టంగా కనపడింది. ఆపమని అనకుండా నొక్కాను. జారాడు. తాడు పట్టింది, కాని ఊగి మడమ అంచుకి కొట్టుకుంది. చీలమండ విరిగింది. మూడు నెలలు పనికి పోలేకపోయాడు. కిందికి దించి పడుకోబెడితే, నొప్పితో పళ్ళు బిగించి, "ఫొటో వచ్చిందా అంకుల్?" అని అడిగాడు.

వచ్చింది. అది ఎవరికీ చూపించలేదు, అతనికి తప్ప. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను, దానితో తీరేదేముంది. ఏడాదిన్నర కెమెరా ముట్టలేదు. మళ్ళీ పిలిచింది కూడా అతనే. అప్పటినుంచి ముందు తాడు పట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు పొద్దున వాళ్ళకి తాడు పడతాను, ఆ తర్వాతే కెమెరా. "ఇంకోసారి" అనే మాట బండ దగ్గర అనను. పోయిన ఫొటో పోయినట్టే.

మన జిల్లా మనిషి ఒకాయన పేరు చెప్పకుండా దిగితే తప్పు. 2022లో పటాలు మార్చి మనల్ని తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు కూడా, నా నోటికి నెల్లూరు జిల్లాయే వచ్చేది, మన్నించండి. మల్లి మస్తాన్ బాబు. పెన్న ఒడ్డున సంగం దగ్గర గాంధీజనసంగం ఆయన ఊరు. నాకన్నా చిన్నవాడు, ఆయన కూడా ఇంజనీరే. 2006లో ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కొండ లేని పల్లెలో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, బడిలో. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆయన చదివేటప్పటికి, అదే బడిలో ముందు చదివిన ఉదయభాస్కరరావు అనే సైనికాధికారి 1985 ఎవరెస్టు యాత్రలో చనిపోయి ఉన్నాడు. ఆ పూర్వ విద్యార్థి విగ్రహం బడి ఆవరణలో ఉంది. దాన్ని చూస్తూ పెరిగాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో మస్తాన్ బాబు కూడా తిరిగి రాలేదు. ఏప్రిల్ నెలాఖరులో ఊరికి తెచ్చారు. నేను వెళ్ళాను. కెమెరా సంచీ భుజానే ఉంది, తీయలేదు. తీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన శిఖరాల మీద తీసుకున్న ఫొటోలు చూశాను, అన్నిట్లో ఒకే నవ్వు. అవి నాలాంటివాడు వేలాడి తీసినవి కావు. చలిలో గ్లవుజు తీసి తనకు తానే తీసుకున్నవి, లేదా పక్కనున్న ఎవరో నొక్కినవి. వాటికి వంక పెట్టే ధైర్యం నాకు లేదు.

సంగం పెన్నే గండికోటలో పెన్న కూడా. కడప జిల్లాలో ఎర్రమల కొండని కోసుకుని, రెండు వైపులా మూడు వందల అడుగుల ఎర్రరాతి గోడల మధ్య పోతుంది. అక్కడికి నేను ఇప్పటికి పదకొండు సార్లు పోయాను. రాత్రే చేరి, చీకట్లో అంచుకి దూరంగా కూర్చోవాలి. దయచేసి దూరంగా, సెల్ఫీల కోసం అంచుకి పోయేవాళ్ళని చూస్తే నా కాళ్ళు వణుకుతాయి. ఎండ ముందు ఒక గోడ మీద పడుతుంది, అవతలి గోడ నీలంగానే ఉంటుంది, అడుగున నది ఇంకా నిద్రపోతున్నట్టుంటుంది. ఆ నీళ్ళే మైలవరం, సోమశిల దాటి మన నెల్లూరు వంతెన కిందికి వస్తాయని మొదటిసారి తట్టినప్పుడు, ఫొటో తీయడం మరచి కూర్చున్నాను.

ఈమధ్య మోకాళ్ళు సహకరించక చదును నేలకే తిరిగొచ్చాను. చదునుని ఫొటో తీయడం కొండ కన్నా కష్టం. కొండకి తల ఉంటుంది, పాదం ఉంటుంది, మన నేలకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తూపిలిపాలెం తీరంలో నాలుగు ఉదయాలు వృథా చేసి, అయిదో ఉదయం వల లాగేవాళ్ళ వీపులు చూశాక తెలిసింది, తాడు ఇక్కడ కూడా ఉందని. నేలపట్టులో గూడబాతుల్ని చూడటానికి చిన్నప్పుడు మనం సైకిళ్ళ మీద పోయేవాళ్ళం, గుర్తుందా? ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పైరుకి బలమని ఆ ఊరివాళ్ళు వాటి మీద రాయి వేయనివ్వరు. రాయి వేసి తిట్లు తిన్నవాడు ఒకడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను.

నలభై ఫొటోలు తెచ్చాను. ఆ మూడు గుండ్ల ఫొటో వాటిలో ఉంది. ఆ కుర్రాడిది కూడా ఉంది. పోయిన వారం అతన్ని అడిగితే, "మీ బడిలో చూపించండి అంకుల్, నాకేం బాధలేదు" అన్నాడు. తాటిచెట్టు పెద్దాయన అరికాళ్ళు మొదట వస్తాయి. ఎవరైనా ఆ కిటికీలు మూసి, లైట్లు ఆపండి.