వెదురు పెరిగే తీరు
(బొల్లారం మహిళల కోసం ప్రసంగ పాఠం)



బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది గదా. 1860లో కట్టిన భవనం అది. ఆవరణ 90 ఎకరాలు. 2023 నుంచి మామూలు జనం కూడా ఏడాది పొడుగునా వెళ్ళి చూడొచ్చు. అక్కడ మామిడి తోట ఉంది. మామిడి మొదలు ఏటేటా లావెక్కుతుంది. వెదురు బొంగు మాత్రం లావెక్కదు. ఎందుకని?

వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, జొన్న, చెరుకు దాని చుట్టాలే. చెరుకుకు ఉన్నట్టే దీనికీ కణుపులుంటాయి. కణుపుల మధ్య చాలా వెదుళ్ళు బోలుగా ఉంటాయి.

వానలు పడగానే భూమిలోని దుంప నుంచి మొలక వస్తుంది. మొలక ఎంత లావున వస్తే బొంగు చివరిదాకా అంతే లావు. పెద్ద జాతుల మొలక ఒక్క రోజులో జానెడు పైనే పెరగగలదు. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తుకు చేరుతుంది. ముళ్ళ వెదురు 60 నుంచి 90 అడుగులు పోతుంది. సాధన వెదురు అంత ఎత్తు పోదు గానీ గట్టిది. లోపల బోలు తక్కువ.

ఎత్తు పెరిగినంత మాత్రాన బొంగు ముదిరినట్టు కాదు. గట్టిపడటానికి మూడేళ్ళు పడుతుంది. లేత బొంగుతో బుట్టో నిచ్చెనో చేస్తే తొందరగా పురుగు పడుతుంది.

కొత్త మొలకలు పొద అంచున వస్తాయి. ముసలి బొంగులు నడుమ మిగులుతాయి. కానీ కొట్టేవాళ్ళు ఏం చేస్తారు? చేతికి అందిన అంచు బొంగులనే కొడతారు. అవి లేతవి. వాటి దుంపల నుంచే వచ్చే ఏటి మొలకలు రావాలి. అంచు పోతే పొద గిడసబారుతుంది. వెదురు మీద బతికే మేదరి ఇంటికి అది కూటి దెబ్బే.

అందుకే పొదకు ఒక పక్క దారి చేసుకోవాలి. లోపలి ముదురు బొంగులు తీయాలి. పొద గుర్రపు నాడా ఆకారంలో నిలవాలి. నేల మీది మొదటి కణుపుకు కాస్త పైన నరకాలి. వానాకాలంలో కొట్టకూడదు. అప్పుడు మొలకలు విరుగుతాయి.

వెదురు పూత కూడా వింతే. ముళ్ళ వెదురు 40, 50 ఏళ్ళకోసారి పూస్తుంది. గింజ రాల్చి పొద చచ్చిపోతుంది. ఆ గింజలే వెదురు బియ్యం. 1959లో మిజోరం కొండల్లో వెదురు పూసింది. గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగాయి. ఆపైన పంటల మీద పడ్డాయి. కరువొచ్చింది.

ఇంకో సంగతి. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగానే లెక్కించింది. సొంత భూమిలో పెంచినా కొట్టి తరలించడానికి తిప్పలు పడాల్సి వచ్చేది. 2017లో ఆ చట్టం మారింది. అడవి కాని భూమిలో పెరిగిన వెదురు ఇప్పుడు చట్టం లెక్కలో చెట్టు కాదు. అడవిలోని వెదురుకు నియమాలు వేరు.

లేత బొంగేదో, ముదురుదేదో ఎలా గుర్తుంటుంది? కొత్త బొంగు పైకి రాగానే దాని మీద రంగుతో ఆ ఏడు అంకె వేయాలి. మూడేళ్ళు నిండిన అంకె ఉన్నదాన్నే కొట్టాలి. అంకె రాయడం, చదవడం వచ్చిన ఆడమనిషి ఇంట్లో ఉంటే పొద పదికాలాలు నిలుస్తుంది.