మదనపల్లెలో వ్రాసిన స్వరములు



మన చౌడేపల్లెకు మదనపల్లె ఎంతో దూరము కాదు. సంతకును, కోర్టుపనికిని పోయివచ్చు మీకు ఆ ఊరి దివ్యజ్ఞాన కళాశాల తెలిసినదే. అందు నివసించిన సంగీతవిదుషి మార్గరెట్టు కజిన్సుగారిని మాత్రము మనలో పలువురు ఎరుగరు. ఈనాడు వారినిగూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను.

ఈమె 1878లో ఐర్లాండు దేశమున జన్మించిరి. పియానో వాద్యమున ఆరితేరి, 1902లో సంగీతపట్టమును పొందిరి. 1915లో భర్తయగు జేమ్సు కజిన్సుగారితో మనదేశమునకు వచ్చిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరుగారు మదనపల్లెకు విచ్చేసి, ఒక సాయంకాలమున విద్యార్థుల నడుమ తాము రచించిన ‘జనగణమన’ పాడి వినిపించిరి. పిల్లలు పల్లవి నందుకొనిరి. మార్గరెట్టుగారు ఆ పాటకు పాశ్చాత్యపద్ధతిని స్వరములు వ్రాసిపెట్టిరి.

వరుస కవిగారిదే గదా, ఈమె చేసిన దేమి యని మీరు అడుగవచ్చును. మన గానమునకు గమకము ప్రాణము. గొంతు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారును, ఊగును. పియానో మెట్టు, మన భజనలలోని హార్మోనియము మెట్టువలెనే, నొక్కినచోటనే పలుకును. ఈ లోపము నెత్తిచూపియే 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమును బహిష్కరించిరి. 1971 దాక దానికి మరల ప్రవేశము కలుగలేదు. అట్టి వాద్యమునకు అలవడిన చెవితో పరభాషలోని పాటను విని, ఏ స్వరము ఎంతసేపు నిలువవలెనో తేల్చి వ్రాయుట సామాన్యమా? మెట్టుమెట్టుగా వ్రాసిన పాటలో గమకమునకు చోటు తక్కువయే. అయినను వేయి గొంతులు ఒక్కటియై పలుకుటకు ఆ నిలుకడయే కావలెను.

1935లో ఈమె ప్రాక్పశ్చిమ దేశముల సంగీతమునుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. 1950 జనవరి 24న ఆ పాట మన జాతీయగీత మయ్యెను. 1954లో ఈమె పరమపదించిరి. ప్రతిదినము బడిపిల్లలు ఆ గీతమును పాడుచున్నారు. వ్రాసిన చేతిని తలచువారు అరుదు.

నా బాల్యమున విన్న విసురురాతి పాటలలో మాటలు కొన్ని జ్ఞప్తియందున్నవి గాని వరుసలు పోయినవి. మీ యిండ్లలో జాతరపాటలు, జోలపాటలు ఎరిగిన ముసలమ్మలు ఇంకను ఉన్నారు. స్వరజ్ఞానము గల ఉపాధ్యాయు నొకని పిలిచి, వారిచే పాడించి, మాటలతోడనే స్వరములనుగూడ వ్రాయింపుడు. ఆ గొంతులు మూగవోకమునుపే ఈ పని జరుగవలెనని నా ప్రార్థన.