వెనక బెంచీ నోరు విప్పితే

నాకిచ్చిన సమయం తక్కువ, కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మనలో చాలామందిమి చదువుకున్న కాలేజీలకు డబ్బు పంపుతున్నాం. లాబులు, సెమినార్ హాళ్ళు కట్టించాం, గోడల మీద పేర్లు కూడా వేయించుకున్నాం. ఆ గదుల్లో పాఠం ఎలా సాగుతోందో మాత్రం అడగలేదు. లెక్చరర్ గారు నోట్సు చెప్పడం, మనం రాసుకోవడం, పరీక్షలో అప్పజెప్పడం. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరే దీన్ని బ్యాంకు వ్యవహారంతో పోల్చాడు. గురువు జమ చేస్తాడు, విద్యార్థి దాచిపెడతాడు, అంతే.

ఆయన ఊరికే అనలేదు. 1963లో ఆంజికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మందికి 40 గంటల్లో చదువు నేర్పే పని తలపెట్టి, వాళ్ళ బతుకులోని మాటలతోనే పాఠం మొదలుపెట్టించాడు. అప్పట్లో అక్కడ చదువురానివాళ్ళకు ఓటు లేదు. 1964లో సైన్యం గద్దెనెక్కగానే ఆయన్ని జైల్లో పెట్టింది. పలకా బలపానికి అంత భయపడ్డారు మరి!

మనకూ ఇది పరాయి సంగతి కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టారు. అయితే ఇంజనీరింగ్ కాలేజీలో ఇదెలా కుదురుతుందని నాకూ అనుమానమే ఉండేది.

ఒకసారి సెలవుల్లో మా జిల్లాలో ఒక కాలేజీలో మూడు వారాలు పాఠం చెప్పాను. పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటని అడిగితే ముందు బెంచీలవాళ్ళు ఇంగ్లీషులో నిర్వచనం గడగడా చెప్పేశారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు వెనక తలలొంచుకు కూర్చున్నారు. "మీ ఊళ్ళో బోరు మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయి?" అని తెలుగులో అడిగాను.

ఒక కుర్రాడు లేచాడు. "అందరూ ఒకేసారి మోటార్లు ఆన్ చేస్తే ఓల్టేజి పడిపోద్ది సార్. మా నాన్నది ఒక్క ఏడాదిలో రెండుసార్లు కాలింది." అక్కణ్ణించి కెపాసిటర్ దాకా పాఠం వాళ్ళే నడిపించారు. మరి రైతులు కెపాసిటర్లు ఎందుకు పెట్టుకోరని అడిగాను. "ఒక్కడు పెడితే ఏం లాభం సార్? ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నోళ్ళంతా పెట్టాలి" అన్నాడు. ఇన్నేళ్ళ నా చదువులో ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

సెమిస్టర్ పేపర్లో మళ్ళీ నిర్వచనమే ఇచ్చారు. ఆ కుర్రాడికి అత్తెసరు మార్కులు వచ్చాయి.

అందుకే ఈసారి చెక్కుతో పాటు ఒక ఉత్తరం కూడా పంపుతున్నాను. ప్రతి పరీక్షలోనూ ఒక్క ప్రశ్నయినా విద్యార్థి ఊరి నుంచి రావాలి, జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి అని రాశాను. సంతకం పెట్టదలచిన వారికోసం భోజనాల దగ్గర కాపీలు ఉంచాను.