పాలు మాన్పిన పందిపిల్లల పోషణ

(పందుల పెంపకందారుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పందుల పెంపకమును నమ్ముకొన్న కుటుంబమునకు పుట్టిన పిల్లల లెక్కకన్న దక్కిన పిల్లల లెక్క ముఖ్యము. తల్లి పది పిల్లలను ఈనినను, పాలు మాన్పిన పదిదినములలో నాలుగు పిల్లలు పారుడు తగిలి చనిపోయినచో మిగులునది ఏమి? బిడ్డల చదువునకో, అప్పు తీర్చుటకో అనుకొన్న సొమ్ము చేజారిపోవును. కావున ఆ పదిదినములను గూర్చి, పశువైద్యుల వలన తెలిసికొన్న నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇటీవల ఒక గ్రామములో ఒక సోదరి నాకొక పొట్లము చూపి, "అయ్యా, పిల్లలు పారుకుంటున్నాయి. ఈ పొడి దాణాలో కలిపితే బతుకుతాయా?" అని అడిగినది. ఈ ప్రశ్న మీలో చాలమందికి కలదు. సమాధానము చెప్పుటకు ముందు పిల్ల కడుపులో ఏమి జరుగునో చూతము.

తల్లిపాలలోని చక్కెర పిల్ల కడుపులో పులిసి ఆమ్లమగును. ఆ పులుపు చెడు సూక్ష్మజీవులను అణచియుంచును. పాలు మానగనే ఆ పులుపు తగ్గును. చాలినంత ఆమ్లమును తనంతట ఊరించుకొను శక్తి చిన్నపిల్లకు ఇంకను పూర్తిగా రాదు. తల్లిని విడిచిన బెంగచే అది ఒకటి రెండు దినములు మేత సరిగా ముట్టదు. అంతట ప్రేగులలో ఆహారసారమును పీల్చుకొను నూగువంటి పోగులు కురుచబారును. పిదప ఆకలిచే ఒక్కసారిగా తినును. అరగని మాంసకృత్తులు ప్రేగులలో నిలిచి, ఈ.కోలై అను సూక్ష్మజీవి వృద్ధిపొందుటకు తోడ్పడును. పారుడునకు ఇది ముఖ్య కారణము.

కావున రక్షణ పాలు మాన్పిన దినమున కాక, అంతకు ముందే ఆరంభము కావలెను. పుట్టిన రెండు వారములకే పిల్లలకు మాత్రమే అందునట్లు కొద్దికొద్దిగా దాణా పెట్టి అలవాటు చేయవలెను. నూరు పాళ్లలో మొక్కజొన్న 60, సోయా చెక్క 20, తవుడు 10, ఎండుచేపల పొడి 8, ఖనిజ లవణ మిశ్రమము 2 పాళ్లు కలిపినచో మంచి దాణా యగును. ఉప్పుచేప వాడరాదు, ఉప్పు ఎక్కువై, నీరు చాలనిచో పిల్లలకు ప్రాణాపాయము. బూజు పట్టిన చెక్కను, గింజలను తాకనీయరాదు.

ఆరు వారములకు ముందు పాలు మాన్పుటకు తొందరపడకుడు. ఎనిమిది వారములైనచో మరింత మేలు. ఆ దినమున తల్లిని వేరుచేసి, పిల్లలను అలవాటుపడిన దొడ్డిలోనే ఉంచుడు. మొదటి వారము పాత దాణానే రోజునకు నాలుగైదు మారులు కొద్దికొద్దిగా పెట్టుడు. తొట్టిలో మంచినీరు ఎల్లప్పుడు ఉండవలెను. నేల పొడిగాను, పక్క వెచ్చగాను ఉండవలెను. ఈ దినములలో పిల్లలకు ఎంగిలి మేత వలదు. పెద్ద పందులకు పెట్టునపుడును దానిని తప్పక మరిగించుడు. 2020లో మన దేశమున తొలిసారి బయటపడిన ఆఫ్రికా పందిజ్వరము ఎంగిలి ద్వారా కూడ వ్యాపించును. దానికి మందు లేదు.

ఇక పొడుల సంగతి. సిట్రిక్, ఫార్మిక్ వంటి ఆమ్లములు కడుపులో తగ్గిన పులుపునకు తోడగును. మేలుచేయు సూక్ష్మజీవులును, ఈస్టును కొన్నిచోట్ల లాభమిచ్చినవి, కొన్నిచోట్ల ఈయలేదు. జింకు ఆక్సైడును మందు మోతాదున దాణాలో కలిపిన పారుడు తగ్గును. కాని అది పేడతో పొలమున చేరి నిలిచిపోవునందున, ఐరోపా సమాఖ్య 2022లో ఆ వాడుకను ఆపివేసినది. ఎదుగుదల కొరకు ఏంటీబయాటిక్ మందులను మేతలో కలుపుటను అచట 2006లోనే నిషేధించిరి. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడుటను నిషేధించినది. మేతలో నిత్యము మందు కలిపినచో, సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకపోవును. రేపు మన బిడ్డ జబ్బుపడినపుడు ఆ మందే పనిచేయక పోవచ్చును.

కనుక ఆ సోదరితో నేనిట్లంటిని: "అమ్మా, తడినేల మీద, మురికినీటి తొట్టి ప్రక్క ఏ పొడియు పనిచేయదు. ముందు పిల్లలకు నీటిలో కలుపు లవణములు పట్టించి, ఈ దినమే పశువైద్యుని పిలిపించుము. పొట్లము ఆయనకు చూపి, ఆయన చెప్పిన పిదపనే వాడుము."

పొడికి వ్యయము చేయు ముందు ఒక త్రాసు సంపాదించుడు. వారమునకొకసారి పిల్లలను తూచి, బరువు వ్రాసికొనుడు. ఎదుగని పిల్లను వేరుచేసి చూచుకొనుడు. కొన్న పొడి ఫలించినదో, లేదో ఆ లెక్కయే మీకు చెప్పును. దక్కిన ప్రతి పిల్లయు మీ ఇంటికి వెలుగగు గాక!