మాంద్యంలో మా గది



"దుబాయిలో సంపాదించినవాళ్ళు ఈ వేదిక మీద చాలామంది మాట్లాడారు, పోగొట్టుకున్నవాడు ఒక్కడైనా మాట్లాడాలి" అని కార్యదర్శిగారు నన్ను పిలిచారు. ఆ అర్హత నాకు పుష్కలంగా వుంది. పావుగంట సమయమిచ్చారు. 2008లో మా మేనేజరు మా గదిలో ముగ్గురిని ఇళ్ళకు పంపించడానికి తీసుకున్న సమయంకంటే ఇది ఎక్కువే గనుక, నాకేమీ ఫిర్యాదు లేదు.

మాంద్యం అనే మాట నేను మొదట విన్నది మా నానీ నోట. అగ్నిమాంద్యం. ఆకలి మందగించినవాడికి ఆమె శొంఠిపొడి, బెల్లం కలిపి ఇచ్చేది. ఆర్థిక మాంద్యం దీనికి సరిగ్గా ఎదురు. ఇందులో ఆకలి మామూలుగానే వుంటుంది, అన్నమే మందగిస్తుంది. శొంఠికి లొంగదు.

నేనప్పుడు దుబాయిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్ని. కాపురం షార్జాలో. కాపురం అంటే ఒక గదిలో ఆరు మంచాలు, నాలుగో మంచం నాది. ఆ రోజుల్లో ఎటు చూసినా క్రేన్లే. పునాది తవ్వకముందే ఫ్లాటుకు పదోవంతు కట్టి, మర్నాడు ఇంకొకరికి లాభానికి అమ్మేవారు. ఆ ఇంకొకరు మరొకరికి. చివరివాడు ఎవడో, వాడి దగ్గర డబ్బు వుందో లేదో ఎవరూ అడగలేదు. అందరి వెనకా బ్యాంకు వుండేది. బ్యాంకు వెనక ఎవరున్నారో తెలిసేసరికి 2008 సెప్టెంబరు 15 వచ్చింది. అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది.

మా గదిలో పెద్దాయన రాయచోటి చాచా. పందొమ్మిదేళ్ళుగా అక్కడే డ్రైవరు. పేపరు చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "నిమ్మకాయల కంపెనీ మునిగితే మనకేం నొప్పి బేటా? షర్బత్ మానేద్దాం" అన్నాడు. నవ్వాం. మేమందరం షర్బత్ మానేసేది నిజమేనని ఆయనకు గాని, మాకు గాని తెలియదు. అమెరికా బ్యాంకు కూలితే మిగతా బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మడం మానేశాయి. అప్పు పుట్టక మా యజమానికి బిల్లులు రాలేదు. బిల్లు రాకపోతే సిమెంటు రాదు. సిమెంటు రాకపోతే స్టోర్‌లో స్టోర్‌కీపరు తప్ప ఇంకేమీ వుండదు. నేను రోజంతా ఖాళీ గోడౌనుకు తాళం వేసి, తీసి చూసుకునేవాణ్ణి.

నవంబరు 20న అక్కడి పామ్ దీవి మీద అట్లాంటిస్ హోటలు ప్రారంభోత్సవం. బాణాసంచా కాల్చిన తీరు టీవీలో చూశాం, ఆకాశమంతా పగలైపోయింది. మాకు అక్టోబరు జీతం ఇంకా రాలేదు. నెల్లూరు నుంచి వచ్చిన వంటాయన ఒక్కొక్క తారాజువ్వకు "ఇది నీ జీతం, ఇది నా జీతం" అని పంచిపెట్టాడు. నా జీతం ఆకుపచ్చగా పేలింది.

డిసెంబరులో మేనేజరు మీటింగు పెట్టి, కంపెనీ సన్నబడుతోందన్నాడు. ఆయన మాత్రం ఎప్పట్లాగే వున్నాడు. మా గదిలో ముగ్గురికి కాగితాలు వచ్చాయి. చాచాకు కూడా. మిగిలినవాళ్ళకు సగం జీతం. అప్పట్లో అక్కడ పని పోతే వీసా కూడా పోయినట్టే, ఇంకో పని దొరక్కపోతే నెలరోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. పందొమ్మిదేళ్ళ సర్వీసు డబ్బు తర్వాత పంపుతామన్నారు. చాచా రెండు పెట్టెలు కట్టుకుని, తన ప్రెషర్ కుక్కర్ మాకు వదిలి వెళ్ళాడు. ఏర్‌పోర్టులో నా భుజం పట్టుకుంటే, ఏదో పెద్దమాట చెబుతాడనుకున్నాను. "గాస్కెట్ పాతదైంది, మార్చండి" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

గాస్కెట్ మార్చలేదు. దానికీ డబ్బులే కదా. ఆ కుక్కర్ పప్పు వుడికించడానికి గంట పట్టేది, విజిలు బదులు నిట్టూర్చేది.

అందరూ చాచాలాగా చెప్పి వెళ్ళలేదు. ఆ దేశంలో అప్పుడు చెక్కు చెల్లకపోతే క్రిమినల్ కేసు, జైలు. కారు లోను, క్రెడిట్ కార్డు అన్నిటికీ ముందే చెక్కులు ఇచ్చి వుండేవారు. అందుకని కొందరు రాత్రికి రాత్రి ఏర్‌పోర్టుకు వెళ్ళి, కారు అక్కడే వదిలి విమానమెక్కారు. ఇలాంటి కార్లు ఎన్నో పేపర్లు తలో లెక్క రాశాయి, పోలీసులు అన్ని లేవన్నారు. మా బిల్డింగు కింద ఒకటి మాత్రం నేను రోజూ చూశాను. అద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో "ఖల్లీ వల్లీ" అని రాశారు. పోనీలే అని దాని అర్థం. గల్ఫ్ వెళ్ళినవాడు మొదట నేర్చే మాట, చివరిదాకా వాడే మాట.

మేలు జరగలేదా అంటే జరిగింది. దుబాయి షార్జా రోడ్డు మీద రెండు గంటలు పట్టే ప్రయాణం తగ్గింది. రోడ్డు మీద కార్లుంటే కదా! మాంద్యం నా నిద్రకు రోజుకో గంట చేర్చింది. ఇళ్ళ ధరలు ఏడాది తిరిగేసరికి దాదాపు సగమయ్యాయి, అద్దెలు దిగాయి. అంతకుముందు మా ముఖం చూడని బిల్డింగు నాతూర్ తానే ముందు సలాం చెప్పి, "మీవాళ్ళెవరికైనా మంచం కావాలా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఇక అసలు సంగతి. మా చెల్లెలి పెళ్ళి 2009 ఏప్రిల్‌లో పెట్టుకున్నారు. డబ్బు నేనే పంపాలి. 2008 మొదట్లో దిర్హానికి పదిన్నర రూపాయల పైన వచ్చేది. 2009 మార్చికి రూపాయి పడిపోయి, పధ్నాలుగు దాకా వెళ్ళింది. రేటు బోర్డు చూస్తే కడుపు నిండిపోయేది. పంపడానికి వున్నప్పుడు రేటు లేదు, రేటు వున్నప్పుడు పంపడానికి లేదు. ప్రపంచంలో ప్రతిదీ దిగుతున్న ఆ ఫిబ్రవరిలోనే బంగారం పది గ్రాములు 15,000 దాటింది. దానికి మాంద్యం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా ఇంట్లో మిస్డ్ కాల్ భాష వుండేది. ఒక రింగు అంటే క్షేమం. రెండు రింగులంటే డబ్బు పంపాను, బ్యాంకుకు వెళ్ళండి అని. మూడైతే తిరిగి ఫోను చేయండి. నవంబరు నుంచి నావన్నీ ఒక రింగులే. అమ్మీ చదువుకున్నది నాలుగో తరగతి. రింగులు లెక్కపెట్టడానికి అంత చదువు కూడా అక్కరలేదు. జనవరిలో ఒకనాడు ఆమే పైసలు పెట్టి ఫోను చేసింది. "ఉద్యోగం వుందా పోయిందా అని నేనడగను. పెళ్ళికి బిర్యానీ తీసేశాం. బగారా ఖానా, దాల్చా. మీ మామూ నలభై వేలు ఇస్తానన్నాడు, చేబదులు. నువ్వు ఈ పూట తిన్నావా, అది చెప్పు" అంది. తిన్నానని చెప్పాను. కుక్కర్ ఇంకా నిట్టూరుస్తూనే వుంది.

మగపెళ్ళివారు మోటారు సైకిల్ మాట రెండుసార్లు ఎత్తి వున్నారు. ఇంతలో జనవరి 7న హైదరాబాదులో సత్యం రామలింగరాజు లెక్కలన్నీ బూటకమని ఉత్తరం రాశాడు. ఏడు వేల కోట్ల రూపాయల పైమాట. పెళ్ళికొడుకు అన్నగారు పనిచేసేది వేరే కంప్యూటర్ కంపెనీలో. అయినా మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు ముందు వెళ్ళి వెనక రావడం మొదలుపెట్టాడు. మోటారు సైకిల్ మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. అడిగి ఇప్పించుకునే ఆ ఆనవాయితీని మన వేదికల మీద ఎన్ని తీర్మానాలూ కదిలించలేదు, ఒక్క ఉత్తరం ఆపింది. ఇది ప్రశంసో విమర్శో కార్యదర్శిగారే తేల్చుకోవాలి.

పెళ్ళికి నేను వెళ్ళలేదు. సెలవు ఇస్తామన్నారు, తిరిగి రానిస్తామని అనలేదు. స్పీకర్ ఫోనులో నికా విన్నాను. ఖాజీగారి మాటలకంటే దాల్చా గిన్నెల చప్పుడే స్పష్టంగా వినిపించింది.

ఆ నవంబరులో దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ అప్పుల చెల్లింపు ఆపుతామని గడువడిగింది. డిసెంబరులో అబూదాబి వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. 2010 జనవరి 4న ప్రపంచంలోకెల్లా ఎత్తయిన బుర్జ్ దుబాయి తెరిచిన రోజునే, అబూదాబి పాలకుడి పేరు మీద బుర్జ్ ఖలీఫా అయింది. పొరుగువాడు ఆదుకుంటే దేశాలు మేడకు పేరు పెట్టుకుంటాయి. మాకు మేడ లేదు. మా చెల్లెలు తన కొడుక్కి మామూ పేరు పెట్టుకుంది.

చాచా సర్వీసు డబ్బు రెండేళ్ళకు, మూడు విడతలుగా వచ్చింది. ఆయన రాయచోటిలో ఆటో కొన్నాడు. మామూ నలభై వేలు నేను వాయిదాల మీద తీర్చాను. చివరి రెండు వేలు 2011 మేలో స్వయంగా వచ్చి చేతికిచ్చాను. పెళ్ళికూతురు అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రేటు ఇప్పుడెంతుందని అడిగాడు.